ఒకే చంద్రుడు, ఒకే వీధి, రెండు ఊరేగింపులు

2023 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజున వచ్చాయి. బాలాపూర్ నుంచి బయలుదేరే గణపతి చార్మినార్ మీదుగా సాగి, మొజంజాహీ మార్కెట్ దాటి హుస్సేన్‌సాగర్ చేరుకుంటాడు. ప్రవక్త జన్మదినాన తీసే జులూస్‌కు కూడా పాతబస్తీ వీధులే ఆధారం. రెండింటికీ జనం లక్షల్లో వస్తారు, దారులు మాత్రం అవే. ఆ ఏడాది ముస్లిం మతపెద్దలు, జులూస్ నిర్వాహకులు తమలో తాము చర్చించుకుని, పోలీసు అధికారులతోనూ మాట్లాడి, తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. నిమజ్జనం అనుకున్న రోజునే ప్రశాంతంగా ముగిసింది.

ఆ నిర్ణయాన్ని అందరూ మత సామరస్యం అని మెచ్చుకున్నారు. నేనూ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నవాళ్లలో ఒకణ్ని. అయితే ఆ ఒక్క మాట కింద మనం మూడు వేర్వేరు సంగతులను కలిపి కట్టేస్తున్నామని అప్పటినుంచీ అనిపిస్తూనే ఉంది. పక్కపక్కన బతకడం ఒకటి, కూర్చుని మాట్లాడుకోవడం ఇంకొకటి, చట్టం ముందు సమానంగా నిలబడగలగడం మరొకటి. ఒకటి చేయవలసిన పనిని మరొకదానికి అప్పగించినప్పుడల్లా ప్రజాస్వామ్యంలో ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఈ మూడింటినీ విడదీసి చూడాలంటే ముందుగా ఆ రెండు పండుగలు ఒకే రోజున ఎందుకు వచ్చాయో తెలుసుకోవడం మంచిది. ఆ లెక్కలోనే చాలా సంగతి ఉంది.

ముస్లింల హిజ్రీ సంవత్సరం పూర్తిగా చంద్రుని నడకను బట్టి సాగుతుంది. దానికి సుమారు 354 రోజులు, కాబట్టి దాని పండుగలు ప్రతి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటాయి. మన పంచాంగంలోని నెలలూ చంద్రుని బట్టే వస్తాయి గానీ, రెండున్నర మూడేళ్లకోసారి అధికమాసాన్ని చేర్చి వాటిని రుతువులతో సరిచేసుకుంటాం. 2023లో అధిక శ్రావణం వచ్చింది. దాని ఫలితంగా మన భాద్రపదం, హిజ్రీ నెల రబీ-ఉల్-అవ్వల్ ఒకే అమావాస్య తర్వాత మొదలయ్యాయి. మిలాద్ రబీ-ఉల్-అవ్వల్ నెలలో పన్నెండో రోజు, నిమజ్జనం జరిగే అనంత చతుర్దశి భాద్రపద శుక్లపక్షంలో పద్నాలుగో తిథి. ఇంకో అధికమాసం వచ్చేవరకు ఈ రెండు నెలలూ జంటగానే నడుస్తాయి. అందుకే 2024, 2025 సంవత్సరాల్లోనూ ఈ రెండు పండుగలు పక్కపక్క రోజుల్లో వచ్చాయి, ఆ రెండేళ్లూ జులూస్‌ను తర్వాతి రోజులకు వాయిదా వేసుకున్నారు.

అదే చంద్రుడు, అదే లెక్క ప్రకారం, 2024 జూలై 17న, మళ్లీ 2025 జూలై 6న తొలి ఏకాదశినీ మొహర్రం పదో రోజునూ ఒకే నాడు తెచ్చాడు. వాటి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. పల్లెల్లో పొద్దున పేలపిండి దంచుకున్నవాళ్లే సాయంత్రం పీర్ల చావిడికి వెళ్లారు. మా నాయనమ్మ బతికి ఉన్నంతకాలం పీరుకు దట్టీ కట్టి, బెల్లమూ పుట్నాలూ చదివించుకుని వచ్చేది. గుండంలోని బూడిద చిటికెడు తెచ్చి నా నొసటన పెట్టేది. హసన్, హుసేన్‌ల పేర్లు ఆమె నోట ఊరి దేవుళ్ల పేర్లలాగే పలికేవి. హుసేన్ ప్రాణాలు వదిలిన కర్బలా ఎక్కడుందో ఆమెకు తెలియదు. అక్కడ దాహంతో చనిపోయారని మాత్రం తెలుసు, ఆ పది రోజులూ వాకిట్లో కుండతో నీళ్లు పెట్టేది.

తెలుగు నేలపై ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పేరున జరిగే మొహర్రంకు అన్ని కులాలవాళ్లూ మొక్కులతో వస్తారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు, తీరాలని కోరుకునేవాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లిం కుటుంబాలు వస్తాయి, స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అని చెప్పుకుంటాయి. వీటిని తేలికగా తీసుకోకూడదు. ఏ ప్రభుత్వ పథకమూ, ఏ సదస్సూ ఇలాంటి బంధాన్ని సృష్టించలేదు.

కానీ ఈ సహజీవనం ఆనవాయితీ మీద నిలబడి ఉంటుంది. ఆనవాయితీకి తనకు ముందే తెలిసినవాళ్లను ఆదరించడం తెలుసు. కొత్తగా ఎవరైనా వచ్చి, ఆ ఆనవాయితీలో లేనిది అడిగితే ఏం చేయాలో దానికి తెలియదు. దళితవాడలో ఇరవై కుటుంబాలు ఒక చిన్న ప్రార్థన మందిరం కట్టుకుంటామన్నప్పుడు, చనిపోయినవారిని పూడ్చడానికి స్థలం కావాలన్నప్పుడు, పీర్ల పండుగను ప్రాణంగా చేసుకునే ఊరే ఒక్కసారిగా మొండికేయడం నేను చూశాను. పీరు వాళ్లకు తమవాడు, ఏసు ఇంకా కాడు. ఆ ఊళ్లో మంచితనం లేదని నేననను. ఆ మంచితనం మర్యాదకు లోబడి ఉంది, ఆ మర్యాదలో ఎవరి చోటు ఎక్కడో కులం ముందే రాసిపెట్టింది.

రాజ్యాంగం అవసరమయ్యేది ఇక్కడే. 25వ అధికరణ మత స్వేచ్ఛను కులానికో ఊరికో ఇవ్వలేదు, ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. అంతరాత్మ స్వేచ్ఛ, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ అందరికీ సమానంగా ఉంటాయి. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు మాత్రమే దానికి హద్దులు. 26వ అధికరణ మత శాఖలకు తమ వ్యవహారాలు తాము చూసుకునే హక్కునిస్తే, 27 ఒక మతాన్ని పెంచడానికి పన్ను వసూలు చేయకూడదంటుంది, 28 పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధనను నిషేధిస్తుంది. ఫ్రాన్స్ 1905లో చట్టం చేసి రాజ్యాన్నీ మతాన్నీ వేరు చేసింది. మనవాళ్లు అలా గోడ కట్టలేదు. గుడి తలుపులు అన్ని కులాలకూ తెరిపించడానికి ప్రభుత్వం మతంలో జోక్యం చేసుకోక తప్పదని వాళ్లకు తెలుసు, అందుకు వీలు కల్పించే మాటను అదే 25వ అధికరణలో పెట్టారు.

‘ప్రచారం’ అనే మాట మీద 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో గట్టి వాదనే జరిగింది. ఆ మాట ఉండకూడదని లోకనాథ్ మిశ్రా లాంటివారు వాదించారు. కె. సంతానం, కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి దానిని సమర్థించారు. చివరకు మాట నిలిచింది. 1977లో సుప్రీంకోర్టు, ప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. నచ్చజెప్పడం ఎక్కడ ముగుస్తుంది, మార్చడం ఎక్కడ మొదలవుతుంది అన్న వివాదం నేటికీ తెగలేదు. మతాల మధ్య సంభాషణలో ఉన్న అసలు కష్టమూ ఇదే. ఎదుటివాడు తన సత్యాన్ని నాకు నచ్చజెప్పాలని కోరుకోవచ్చు, నేనూ అదే కోరుకోవచ్చు, అయినా ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చోవాలి. ఆ కోరికను దాచిపెట్టి, అన్ని మతాలూ ఒకటే చెబుతాయని మొదటి నిమిషంలోనే తేల్చేసుకుంటే, ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

హక్కుకు, సంభాషణకు మధ్య తేడా ఏమిటో కేరళకు చెందిన ముగ్గురు పిల్లల కథ బాగా చెబుతుంది. వాళ్లది యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. బడిలో జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. 1985 జూలైలో వారిని బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుందని, మన తత్వం సహనాన్ని బోధిస్తుందని, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుందని, దానిని పలుచన చేయవద్దని ఆయన రాశారు. యెహోవా సాక్షులు దేశంలో అతి చిన్న సమూహం. ఏ శాంతి కమిటీలోనూ వారికి కుర్చీ ఉండదు. మిగతా క్రైస్తవ శాఖలు కూడా చాలావరకు వారిని తమవారిగా ఒప్పుకోవు. పెద్దలు కూర్చుని సర్దుబాటు చేసి ఉంటే, పాడితే పోయేదేముందని ఆ పిల్లలకు నచ్చజెప్పేవారే తప్ప బడికి నచ్చజెప్పేవారు కాదు. సంఖ్యాబలం లేనివాడికి సంభాషణ ఒక్కటే సరిపోదు, హక్కు కావాలి.

మరి హక్కు ఉంటే సంభాషణ ఎందుకు? చట్టం హద్దు గీయగలదు గానీ, ఎదుటివాడి మనసులో ఏముందో చెప్పలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. అదే సంవత్సరం సుప్రీంకోర్టు మద్రాసులోని ఒక చర్చికి సంబంధించిన కేసులో, ఇతరుల ప్రశాంతతను భంగపరుస్తూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని స్పష్టం చేసింది. గుడికీ మసీదుకూ చర్చికీ వర్తించే నియమం ఇది. మరి రాత్రి 8 గంటలకు, చట్టం అనుమతించిన సమయంలోనే, మసీదు ముందుకు వచ్చిన డీజే బండి సంగతి?

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలో వినాయక చవితికి ముందు జరిగిన శాంతి కమిటీ సమావేశంలో నేను కూర్చున్నాను. పోలీస్‌స్టేషన్ వెనక రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, చిన్న కప్పుల్లో టీ. ముందటి ఏడాది నిమజ్జనం రోజున మసీదు దగ్గర మాటా మాటా పెరిగి, తోపులాట దాకా వెళ్లింది. ఉత్సవ కమిటీ యువకుడొకడు లేచి, “అజాన్ వినపడంగనే బంద్ చేసినం సార్. అయిపోయినంకనే మళ్లీ పెట్టినం. ఇంకేం చెయ్యాలె?” అన్నాడు. అతని గొంతులో నిజమైన బాధ ఉంది. మౌల్వీ సాబ్ కాసేపు అతని వైపే చూసి, “బేటా, అజాన్ అంటే పిలుపే. నమాజ్ దాని తర్వాత అరగంటకు మొదలవుతది. మీరు పాట పెట్టినప్పుడే మేం నిలబడ్డం” అన్నారు. షెడ్డులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఒకే పట్టణంలో పుట్టి పెరిగిన ఆ యువకుడికి, పిలుపుకూ ప్రార్థనకూ మధ్య అరగంట ఉంటుందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అతను మర్యాద చేశానని నమ్మాడు. లోపలివాళ్లు అవమానం జరిగిందని నమ్మారు. అబద్ధం ఎవరిదీ కాదు.

తర్వాత మాట అటునుంచి ఇటు తిరిగింది. బండి సరిగ్గా మసీదు ముందే ఎందుకు ఆగుతుందని మౌల్వీ సాబ్ అడిగారు. ఆ మలుపులో కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయని, ఇద్దరు మనుషులు కర్రలతో వాటిని ఎత్తిపట్టుకుంటే తప్ప విగ్రహం దాటదని, కావాలని ఆపింది కాదని కమిటీవాళ్లు చెప్పారు. ఆ సాయంత్రం తేలినవి రెండే. మసీదు గేటు దగ్గర జమాత్ నమాజ్, అంటే అందరూ కలిసి చేసే నమాజ్, సమయాన్ని తెలుగులో రాసి పెట్టడం, నిమజ్జనానికి ముందే ఆ తీగలను పైకి కట్టించడం. దేవుడు ఒక్కడా అనేకమా అన్న చర్చ అక్కడ రాలేదు, రావలసిన పనీ లేదు. ప్రజాజీవితంలో మతాల మధ్య సంభాషణ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ అరగంట, ఆ తీగలు.

ఈ ‘మతాల మధ్య సంభాషణ’కు తెలుగులో ఇంకా స్థిరపడిన మాట లేదు. మతాంతర సంభాషణ అంటే మతం మారడం గురించి అనిపిస్తుంది, సర్వమత సమ్మేళనం అంటే వేదిక మీద పూలదండలు గుర్తొస్తాయి. పని మాత్రం పాతదే. అక్బరు 1575లో ఫతేపూర్ సిక్రీలో ఇబాదత్ ఖానా కట్టించి, ముందు ముస్లిం పండితులను, తర్వాత ఇతర మతాలవారినీ పిలిచి వాదనలు విన్నాడు. 1893లో షికాగోలో సర్వమత మహాసభ జరిగింది. మనకు దగ్గరలో ఉన్న ఉదాహరణ హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. 1930లో లాహోర్‌లో మొదలైన ఆ సంస్థ తొలి ఉద్దేశం, ముస్లింలకు సువార్త చెప్పబోయే క్రైస్తవులకు ఇస్లాం గురించి నేర్పడం. 1971లో హైదరాబాద్ చేరింది. కాలక్రమంలో దాని పని మతాల మధ్య సఖ్యతకు, పాతబస్తీ బస్తీల్లో సామాజిక సేవకు మళ్లింది. ఎదుటివారి మతాన్ని మార్చడానికి చదివినవారు, చదివే క్రమంలో తామే మారిపోవడం సంభాషణ చరిత్రలో నాకు చాలా ఇష్టమైన మలుపు.

అన్నిటికంటే లోతైన ఉదాహరణ మాత్రం ఇద్దరు మతస్థుల మధ్య జరిగింది కాదు. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు, 1947లో అది విజయవాడకు మారింది. 1944 నుంచి ఆయన గాంధీని కలిసి నాస్తికత్వం గురించి చర్చించేవారు. ఒకరు రామనామం జపించేవారు, ఇంకొకరు దేవుడే లేడనేవారు. ఇద్దరికీ కలిసింది అస్పృశ్యతా నిర్మూలన దగ్గర. గోరా తన కుమార్తె మనోరమకు దళితుడైన అర్జునరావుతో వివాహం చేయాలనుకున్నప్పుడు, సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు వాడదామని కూడా అన్నారు. ఆ రోజు చూడకుండానే ఆయన హత్యకు గురయ్యారు. 1948 మార్చి 13న సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి జరిగింది. గాంధీ నాస్తికుడు కాలేదు, గోరా ఆస్తికుడు కాలేదు. ఒక్క మాట మారింది, ఆ మాట మారడం వల్ల ఇద్దరూ ఒకే పందిరి కింద నిలబడే వీలు కలిగింది. నేడు సర్వమత సదస్సు పెట్టేవాళ్లు నమ్మకం లేనివారిని పిలవడం అరుదు. ప్రజాస్వామ్యంలో వారూ పౌరులే కదా.

ఎవరిని పిలుస్తాం అన్న ప్రశ్న దగ్గర మన సంభాషణలు చాలావరకు బోర్లా పడతాయి. నేను చెప్పిన శాంతి కమిటీలో ఒక్క మహిళ లేదు. ఆ పట్టణంలో కనీసం నాలుగు ప్రార్థన మందిరాలు ఉన్నా ఒక్క పాస్టర్‌కూ కబురు వెళ్లలేదు, గొడవ వాళ్లతో కాదు కదా అని ఎవరో అన్నారు. గొడవ పడితే తప్ప కుర్చీ దొరకదన్నమాట. ఇది ప్రమాదకరమైన పాఠం, పిల్లలు త్వరగా నేర్చుకుంటారు.

కొందరైతే తాము ఎవరో బయటికి చెప్పుకునే వీలే లేకుండా బతుకుతున్నారు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందువులు సుమారు 88.5 శాతం, ముస్లింలు 9.6 శాతం, క్రైస్తవులు 1.3 శాతం. కోస్తాలోని దళితవాడల్లో ఆదివారం ఉదయం నడిచినవారెవరూ ఆ చివరి అంకెను పూర్తిగా నమ్మలేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం, ఇస్లాం స్వీకరించిన దళితులు బయటే మిగిలారు. మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులను బీసీ-సీగా, అంటే వెనుకబడిన తరగతుల్లో సి వర్గంగా లెక్కించి, 1 శాతం రిజర్వేషన్ ఇస్తారు. మతం మారినంత మాత్రాన ఊళ్లో వివక్ష పోదు గానీ కాగితం మీద రక్షణ పోతుంది. అందుకే ఎన్నో కుటుంబాలు సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం మరో మతంగా బతుకుతున్నాయి. ఆ కుటుంబం నుంచి వచ్చిన మనిషిని వేదిక మీదికి పిలిచి, మీ విశ్వాసం గురించి చెప్పండి అంటే ఏం చెబుతాడు? నిజం చెప్పడానికి వెల చెల్లించవలసి వచ్చే చోట సంభాషణ అనే మాటకు అర్థం లేదు. ఆ ఉత్తర్వు మీద పార్లమెంటు, న్యాయస్థానాలు తేల్చవలసిన ప్రశ్నను సామరస్య సభలు తీర్చలేవు.

హైదరాబాద్‌లో శ్రీరామనవమి శోభాయాత్ర సాగే రోజున సిద్ది అంబర్ బజార్ మసీదుకు గుడ్డ కప్పి ఉంచడం కొన్నేళ్లుగా చూస్తున్నాం. గొడవ జరగకూడదన్న జాగ్రత్తతోనే కప్పుతారు, ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. కానీ ఆ గుడ్డను చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. సహజీవనం ఉంటే మసీదు తెరిచే ఉండేది, సంభాషణ జరిగి ఉంటే ఎవరెక్కడ ఆగాలో తెలిసేది, హక్కు మీద భరోసా ఉంటే రాయి పడుతుందన్న భయం ఉండేది కాదు. మూడూ పలుచబడిన చోట గుడ్డ మిగిలింది.

ఇప్పుడు 2023 నాటి వాయిదాకు తిరిగి వస్తే, అది గొప్ప నిర్ణయమని మళ్లీ చెబుతాను. వాయిదా వేసుకున్నవాళ్లు తమ హక్కును వదులుకోలేదు, మూడు రోజులు ఆగి వాడుకున్నారు. ఆ తేడా ముఖ్యం. అయితే మూడేళ్లూ వాయిదా వేసుకున్నది ఒక పక్షమే. నిమజ్జనానికి తిథి ఉంది, దాన్ని మరో రోజుకు మార్చడం కష్టమనే వాదన సబబే. మిలాద్‌కూ తేదీ ఉంది. దారులూ వేళలూ పంచుకునే మార్గం ఉందా అని రెండు పక్షాలూ నెలల ముందే, పోలీసుల సమక్షం లేకుండా కూర్చుని ఆలోచిస్తే, తర్వాతిసారి ఎవరు సర్దుకున్నా అది బలవంతం కాదన్న నమ్మకం కలుగుతుంది.

అందుకు సమయం ఉంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో భాద్రపదం, రబీ-ఉల్-అవ్వల్ విడిపోతాయి, మళ్లీ ఇలా కలవడానికి మూడు దశాబ్దాలు పడుతుంది. ఈలోగా వేరే పండుగలు కలుస్తాయి. నెలవంక ఒక రోజు అటూ ఇటూ చేసినా, లెక్క ప్రకారం 2030లో సంక్రాంతి రంజాన్ ఉపవాసాల మధ్యలో వస్తుంది. 2032 జనవరిలో ఈదుల్ ఫితర్, భోగి దాదాపు ఒకే రోజున, 2033 డిసెంబరులో ఈద్ క్రిస్మస్‌కు ఒకటి రెండు రోజుల ముందు వస్తాయి. భోగిమంట వేసే తెల్లవారుజామున, అదే వీధి చివర, కొత్త బట్టలు కట్టుకున్నవాళ్లు ఈద్గాకు బయలుదేరుతారు.